మత్తుమందుల దీర్ఘకాల ఆరోగ్య నష్టాలు: తూర్పు హైదరాబాద్, తెలంగాణ అనుభవం

మత్తుమందులను ఎక్కువ మోతాదులో, నెలలు, ఏళ్ల తరబడి వాడినవాళ్ల ఒంట్లో, మనసులో మిగిలిపోయే జబ్బులను దీర్ఘకాల ఆరోగ్య నష్టాలుగా లెక్కిస్తారు. మోతాదు మించి ఒక్క రాత్రిలో ప్రాణం పోతే అది వార్త అవుతుంది. ఈ నష్టాలు వార్తలకెక్కవు. మతిమరుపుగా, మూర్ఛగా, తగ్గని దగ్గుగా, మూత్రపిండాల జబ్బుగా, ఎవరో తన మీద కుట్ర పన్నుతున్నారన్న భ్రమగా బయటపడతాయి. వీటికి మూలం మత్తుమందేనని చాలాసార్లు రోగికీ తట్టదు, ఇంట్లోవాళ్లకూ తట్టదు. ఒక్కోసారి వైద్యుడికీ తట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2019లో మాదకద్రవ్యాల వల్ల చనిపోయినవారు సుమారు 6 లక్షలు. మద్యం వల్ల పోయినవారు 26 లక్షలు.

ఈ వ్యాసం హైదరాబాద్ తూర్పు వైపున్న సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకుని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అనుభవాన్ని చూస్తుంది. విజయవాడ నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి ఇక్కడే నగరంలోకి అడుగుపెడుతుంది. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు మన్యం నుంచి బయల్దేరిన గంజాయి లారీల్లో, కార్లలో, బస్సుల్లో ఈ దారినే వస్తుంది. హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్, ఎల్బీనగర్ పేర్లు గంజాయి కేసుల్లో పదేపదే వినిపించడానికి అదే కారణం. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట వీధుల నిండా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. పద్దెనిమిది నుంచి ఇరవై ఐదేళ్ల వయసువాళ్లు ఇల్లు వదిలి వచ్చి ఉండే చోటు ఇది. మెదడు ఇంకా ఎదుగుతూ ఉండే వయసు కూడా అదే.

పత్రికల్లో 'డ్రగ్స్' అన్న మాట కనబడగానే పబ్బులు, సినిమావాళ్లు, విదేశీ పార్సిళ్లు మనసులో మెదులుతాయి. 2017లో ఎక్సైజ్ శాఖ ప్రత్యేక దర్యాప్తు బృందం హైదరాబాద్‌లో ఎల్‌ఎస్‌డీ, ఎండీఎంఏ ముఠాలను పట్టుకున్న తర్వాత ఆ బొమ్మ మరీ గట్టిపడింది. కానీ తెలంగాణలో ఎక్కువమందిని, ఎక్కువ కాలంగా, ఎక్కువ లోతుగా దెబ్బతీసిన మత్తుమందు పబ్బులో దొరికేది కాదు. అది కల్తీ కల్లులో కలిసి సామాన్యుడి ఇంటికి చేరే ఆల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్. అందుకే ఈ వ్యాసంలో దానికి పెద్దపీట.

నష్టం జరిగే తీరు

ఏ మత్తుమందు ఎంత చేటు చేస్తుందన్నది మందు పేరు ఒక్కటే తేల్చదు. మోతాదు, ఎన్నేళ్లుగా వాడుతున్నారు, ఏ వయసులో మొదలుపెట్టారు, పొగగా పీల్చారా, మింగారా, సూదితో ఎక్కించుకున్నారా, అందులో ఇంకేం కలిసింది అన్నవన్నీ కలిసి తేలుస్తాయి. వారానికోసారి వాడేవాడికీ, రోజుకు మూడుసార్లు వాడేవాడికీ మధ్య తేడా చాలా పెద్దది. పరిశోధనల్లో కనిపించే భారీ నష్టాలు ఎక్కువగా రోజూ వాడేవాళ్లవే.

మెదడులో ఆనందాన్ని, ఆశను కలిగించే డోపమిన్ వ్యవస్థను మత్తుమందులు మామూలు కంటే ఎన్నో రెట్లు తట్టి లేపుతాయి. అలా నెలల తరబడి జరిగితే ఆ రసాయనాన్ని అందుకునే గ్రాహకాలను మెదడు తగ్గించుకుంటుంది. మొదట్లో వచ్చిన కిక్కు అదే మోతాదుతో రాదు, మోతాదు పెంచాలి. ఆ తర్వాతి దశలో మనిషి ఆనందం కోసం వాడడు, లేకపోతే ఉండలేక వాడతాడు. అన్నం, పిల్లలు, పండగ, పని ఏదీ రుచించని ఈ స్థితి మందు మానేసిన తర్వాత కూడా వారాలు, నెలలు ఉంటుంది. మానేసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టడానికి ప్రధాన కారణం ఇదే. చుట్టుపక్కలవాళ్లు దాన్ని మనోబలం లేకపోవడంగా తీసిపారేయడం అన్యాయం.

కల్లులో మత్తుమందు

తాటి చెట్టు నుంచి, ఈత చెట్టు నుంచి దించిన కల్లు గాలిలోని ఈస్టు వల్ల తనంతట తానే పులుస్తుంది. కొన్ని గంటల్లో అందులో ఆల్కహాల్ నాలుగైదు శాతానికి చేరుతుంది. మరునాటికి పుల్లబడి తాగడానికి పనికిరాదు. చెట్టు కల్లును దూరం మోయలేరు, ఎక్కువ కాలం దాచలేరు. చెట్లు తగ్గుతూ పోయాయి, తాగేవాళ్లు పెరుగుతూ పోయారు. ఆ లోటును నీళ్లు, శాకరిన్, నురగ తెప్పించే రసాయనాలు పూడ్చాయి. ఇలా తయారైన తెల్లటి నీళ్లలో మత్తు ఉండదు గనక మత్తుమందు కలిపారు. జనం దీన్ని 'మందు కల్లు' అంటారు. చెట్టెక్కి మోకు బిగించి కల్లు గీసే గీత కార్మికుడికీ, కాంపౌండులో డ్రమ్ముల్లో కలిపి సీసాలకెత్తే వ్యాపారికీ మధ్య గీత గీసుకునే ఈ విషయం మాట్లాడాలి. ఈ దందాలో మొదట నష్టపోయింది గీత కార్మికుడే.

దశాబ్దాల పాటు కల్తీకి ప్రధానంగా వాడింది క్లోరల్ హైడ్రేట్. జర్మన్ రసాయనవేత్త లీబిగ్ 1832లో తయారుచేసిన ఈ పదార్థాన్ని 1869లో లీబ్రైక్ నిద్రమందుగా పరిచయం చేశాడు. ఆధునిక వైద్యం దాన్ని దాదాపు పక్కన పెట్టేసింది. తర్వాత డయాజెపాం వచ్చింది, ఆపైన ఆల్ప్రాజోలం. ఆల్ప్రాజోలం అమెరికాలో 1981లో అనుమతి పొందిన ఆందోళన నివారణ మందు. డాక్టరు రాసే మామూలు మోతాదు పావు మిల్లీగ్రాము నుంచి మొదలవుతుంది. ఇంత తక్కువ పరిమాణంలో ఇంత మత్తు ఇచ్చేది కాబట్టి కల్తీదారుకు లాభం: కిలో పొడి దొరికితే చాలు, లక్షల మోతాదులు. తెలంగాణ బల్క్ డ్రగ్ పరిశ్రమకు పేరున్న చోటు. 1961లో పుట్టిన ఐడీపీఎల్, దాని తర్వాత వచ్చిన కంపెనీలు వేలమందికి రసాయన విద్య నేర్పాయి. ఆ విద్య దొంగదారి పట్టడమూ ఇక్కడే జరిగింది. 2025 సెప్టెంబరులో పాత బోయినపల్లిలో ఒక స్కూల్ భవనంలోనే ఆల్ప్రాజోలం తయారీ సాగుతుండగా మాదకద్రవ్యాల నిరోధానికి ఏర్పాటైన తెలంగాణ ఈగల్ బృందం పట్టుకుంది. ఆ సరుకు వెళ్లేది కల్లు దుకాణాలకే.

జంటనగరాల్లో 2004లో మూతపడిన కల్లు దుకాణాలు రాష్ట్రం ఏర్పడ్డాక 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. కూలీలు, హమాలీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, ముసలివాళ్లు వీటి నిత్య ఖాతాదారులు. కల్లు తమ సంస్కృతిలో భాగమన్న భావన బలంగా ఉంది. దావతులో, బోనాలలో, పెద్దవాళ్ల కర్మకాండలో కల్లు లేకుండా నడవని ఇళ్లు ఎన్నో. వాళ్లెవరూ తమను మత్తుమందు వాడేవాళ్లమని అనుకోరు. తాగుబోతులమని కూడా అనుకోరు.

ఇక ఈ మందు ఒంట్లో చేసే పని. మెదడులో నరాల ఉద్రేకాన్ని అణచి శాంతింపజేసే రసాయనం పేరు గాబా. ఆల్ప్రాజోలం, డయాజెపాం దాని గ్రాహకాలను పట్టుకుని ఆ శాంతిని పెంచుతాయి. క్లోరల్ హైడ్రేట్ కూడా ఒంట్లో వేరే రూపంలోకి మారి ఇంచుమించు అదే పని చేస్తుంది. రోజూ ఈ ఊతం బయటి నుంచి అందుతుంటే మెదడు తన సొంత శాంతి వ్యవస్థను సన్నగిల్లనిస్తుంది, ఉద్రేక వ్యవస్థను పెంచుకుంటుంది. కొన్ని వారాల నిత్య వాడకంతోనే ఈ మార్పు మొదలవుతుంది. పదేళ్లు, ఇరవై ఏళ్లు తాగినవాళ్ల మెదడు ఆ మందు లేకుండా పనిచేయడం పూర్తిగా మరిచిపోయి ఉంటుంది.

ఏళ్ల తరబడి ఈ జాతి మందులు వాడినవాళ్లలో కొత్త విషయాలు గుర్తుండవు, ఏకాగ్రత నిలవదు, ఆలోచన మందగిస్తుంది. మందు ఆపిన ఆరునెలల తర్వాత పరీక్షించినా కొంత లోటు మిగిలే ఉన్నట్టు పరిశోధనలు చూపించాయి. ముసలితనంలో తూలిపడటం, తుంటి ఎముక విరగడం ఎక్కువ. దిగులు పెరుగుతుంది. సాయంత్రం కల్లు తాగి బండి నడిపేవాడికి ప్రతిస్పందన వేగం తగ్గి రోడ్డు ప్రమాదాల ముప్పు పెరుగుతుంది. గర్భిణి తాగితే పుట్టిన బిడ్డ కండరాలు వదులుగా, పాలు పట్టలేకుండా ఉండవచ్చు, లేదా బిడ్డకే మందు మానేసిన బాధలు రావచ్చు. క్లోరల్ హైడ్రేట్ అయితే కడుపులో పుండ్లు చేస్తుంది, మోతాదు మించితే గుండె లయ తప్పిస్తుంది, కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వీటికి తోడు విస్కీయో, నొప్పిమందో కలిసిందంటే శ్వాస ఆగిపోయే ప్రమాదం.

2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలోని కల్లు కాంపౌండ్లలో తాగినవాళ్లు వాంతులు, విరేచనాలు, పడిపోయిన రక్తపోటుతో ఆసుపత్రుల పాలయ్యారు. పలువురు చనిపోయారు. బతికినవాళ్లలో కొందరికి మూత్రపిండాలు పనిచేయక నిమ్స్‌లో డయాలిసిస్ చేయాల్సి వచ్చింది. నమూనాల్లో ఆల్ప్రాజోలం బయటపడింది. అదే ఏడాది ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లాలో, 2023లో మహబూబ్‌నగర్‌లో కూడా కల్లు తాగిన గ్రామస్థులు అంతుపట్టని లక్షణాలతో ఆసుపత్రులకు వచ్చారు. కల్లు సీసాలో ఏ రోజు ఏమి, ఎంత ఉంటుందో తాగేవాడికి తెలియదు, పోసేవాడికీ సరిగ్గా తెలియదు.

ఒక్కసారిగా ఆగిపోతే

మందు కల్లు విషయంలో అత్యంత ప్రమాదకరమైన రోజు తాగిన రోజు కాదు. తాగడం హఠాత్తుగా ఆగిపోయిన తర్వాతి రెండు మూడు రోజులు. ఆల్ప్రాజోలం సగటున పదకొండు గంటల్లో ఒంట్లో సగానికి తగ్గుతుంది కనుక ఒకటి రెండు రోజుల్లోనే బాధలు మొదలవుతాయి. డయాజెపాం అంత త్వరగా పోదు, దాని బాధలు రావడానికి వారం దాకా పట్టవచ్చు. మొదట నిద్ర పట్టదు. చేతులు వణుకుతాయి, చెమటలు, గుండెదడ, నోరు తడబాటు. ఆ తర్వాత లేనివి కనిపించడం, లేని మాటలు వినిపించడం, పిచ్చిగా అరవడం, ఇంట్లోవాళ్లను గుర్తుపట్టకపోవడం. కొందరికి మూర్ఛలు వస్తాయి. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. హెరాయిన్ మానేసినప్పుడు వచ్చే బాధ భరించలేనిదే గానీ, ఆరోగ్యంగా ఉన్నవాడిని సాధారణంగా చంపదు. కల్తీ కల్లు మానేసినప్పటి బాధ చంపగలదు. ఈ తేడా ఊళ్లోవాళ్లకు, పోలీసులకు, ఎక్సైజ్ సిబ్బందికి తెలియాలి.

2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం చేసినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సరిగ్గా ఇదే జరిగింది. మందు లేని కల్లు తాగిన జనం వందల సంఖ్యలో వింత ప్రవర్తనతో, మూర్ఛలతో ఆసుపత్రులకు చేరారు. కొందరు చనిపోయారు. 2020 మార్చి నెలాఖరున లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దుకాణాలు ఒక్కరోజులో మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి రోగులు బారులు తీరారు. రెండు సందర్భాల్లోనూ సరఫరా తెంచాల్సిన కారణం సరైనదే. తెంచే ముందు జిల్లా ఆసుపత్రుల్లో పడకలు, డయాజెపాం నిల్వలు, తెలిసిన వైద్యులు సిద్ధంగా లేకపోవడమే తప్పు. కల్తీని అరికట్టే ప్రతి ఆదేశంతో పాటు ఆరోగ్య శాఖకు ముందస్తు సమాచారం వెళ్లితీరాలి. సరఫరాను తెంచడం సగం పని మాత్రమే.

స్కాట్లండ్ అనుభవం దీనికి దగ్గరిది. అక్కడ వీధుల్లో వేలియం (డయాజెపాం బ్రాండు) పేరుతో అమ్మే నకిలీ బిళ్లలు, అంటే ఆల్ప్రాజోలం జాతికే చెందిన ఎటిజొలాం, 2010 తర్వాత విస్తరించాయి. 2020లో మత్తుమందుల వల్ల అక్కడ చనిపోయిన 1,339 మందిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మరణాల్లో ఈ జాతి మందుల పాత్ర ఉంది. అక్కడివాళ్లు తాము బిళ్ల మింగుతున్నామని తెలిసి మింగారు. మన దగ్గర తాగేవాళ్లకు ఆ సంగతే తెలియదు. అందుకే వైద్యుడికి చెప్పరు, లెక్కల్లోకి ఎక్కరు.

గంజాయి, హ్యాష్ ఆయిల్

ఆంధ్రప్రదేశ్ మన్యంలోని చింతపల్లి, జి.కె.వీధి, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల్లో, సరిహద్దు ఆవల ఒడిశా కొండల్లో పండే 'శీలావతి' రకం గంజాయికి దేశమంతా గిరాకీ ఉంది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల తోటలు నరికించి, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. సాగు ఒడిశా వైపు జరిగింది గానీ రవాణా ఆగలేదు. గంజాయిని మరిగించి తీసే హ్యాష్ ఆయిల్ చిన్న చిన్న సీసాల్లో హైదరాబాద్ చేరుతోంది. సిగరెట్టుకు పూసుకుంటే వాసన తక్కువ, దాచడం తేలిక. అందులో మత్తునిచ్చే టీహెచ్‌సీ ఆకు గంజాయిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆరోగ్యపరంగా ఇది చాలా పెద్ద మార్పు.

గంజాయి మీద మన దేశంలో జరిగిన తొలి పెద్ద విచారణ 1893–94 నాటి భారత గంజాయి విచారణ సంఘానిది. వెయ్యిమందికి పైగా సాక్షులను విని, పిచ్చాసుపత్రుల రికార్డులు తిరగేసి, మితంగా వాడితే పెద్ద హాని లేదనీ, అతిగా వాడితే హాని ఉందనీ ఏడు సంపుటాల్లో తేల్చింది. గంజాయి వల్ల పిచ్చెక్కిందని రాసిన కేసుల్లో చాలావాటికి సరైన ఆధారం లేదని కూడా చెప్పింది. ఆ నివేదికను ఇప్పటికీ గంజాయిని సమర్థించేవాళ్లు ఎత్తిచూపుతారు. కానీ ఆనాటి గంజాయి వేరు, దాన్ని వాడిన వయసు వేరు, వాడిన తీరు వేరు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు హాస్టల్ మేడ మీద రోజూ పీల్చే హ్యాష్ ఆయిల్‌కు ఆ తీర్పు వర్తించదు.

తర్వాత వచ్చిన సాక్ష్యం ఇది. స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45 వేలమంది యువకులను పదిహేనేళ్లు గమనించి 1987లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్కువగా గంజాయి వాడినవాళ్లకు స్కిజోఫ్రీనియా ముప్పు వాడనివాళ్ల కంటే ఆరు రెట్లుగా కనిపించింది. 2019లో ఐరోపా నగరాల్లో జరిగిన మరో అధ్యయనం, గాఢమైన గంజాయిని రోజూ వాడేవాళ్లలో మనోవైకల్యం దాదాపు ఐదు రెట్లు ఎక్కువని తేల్చింది. వాడిన ప్రతివాడికీ పిచ్చెక్కుతుందని దీని అర్థం కాదు. వంశంలో ఆ జబ్బు ఉన్నవాళ్లకు, పదిహేను పదహారేళ్లకే మొదలుపెట్టినవాళ్లకు, రోజూ వాడేవాళ్లకు ముప్పు పెరుగుతుంది. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన వెయ్యిమంది పిల్లలను దశాబ్దాలుగా గమనిస్తున్న అధ్యయనంలో, కౌమారంలోనే అలవాటుపడి ఏళ్ల తరబడి కొనసాగినవాళ్ల తెలివితేటల సూచీ నడివయసుకు 8 పాయింట్ల వరకు పడిపోయింది. పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్లలో అంత పతనం లేదు. కవలలపై చేసిన కొన్ని అధ్యయనాలు ఈ ఫలితాన్ని ప్రశ్నించాయి, చర్చ ఇంకా సాగుతోంది. అయితే రోజూ వాడేటప్పుడు జ్ఞాపకశక్తి, చదువు దెబ్బతింటాయన్న దానిపై వాదన లేదు. గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షకో దిల్‌సుఖ్‌నగర్ వచ్చిన అభ్యర్థికి ఆ ఒక్క నష్టమే జీవితాన్ని మార్చేయగలదు.

గంజాయికి అలవాటు పడరన్న నమ్మకం తప్పు. వాడినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరు, కౌమారంలో మొదలుపెట్టినవాళ్లలో ఆరుగురిలో ఒకరు బానిసలవుతారు. మానేస్తే చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం రెండు మూడు వారాలు ఉంటాయి. పొగ వల్ల దీర్ఘకాల దగ్గు, కళ్లె వస్తాయి. మన దగ్గర గంజాయిని పొగాకులో కలిపి కాల్చడం ఎక్కువ గనక నికోటిన్ అలవాటు అదనం. గుండె వేగం పెరుగుతుంది, జబ్బు ఉన్న గుండెకు అది ముప్పు. వీర్యకణాలు తగ్గుతాయి. ఏళ్ల తరబడి రోజూ వాడే కొందరికి ఆగని వాంతులు వస్తాయి, వేడినీళ్ల స్నానంతో మాత్రమే ఉపశమనం. 2004లో ఆస్ట్రేలియా వైద్యులు వివరించిన ఈ జబ్బును కడుపు జబ్బుగా పొరబడి ఎండోస్కోపీల మీద ఎండోస్కోపీలు చేయించుకునేవాళ్లు ఉన్నారు. వాంతులతో వచ్చిన కుర్రాడిని గంజాయి సంగతి అడగటం వైద్యులు అలవాటు చేసుకోవాలి.

నొప్పి బిళ్లలు, సూదిమందులు

ట్రమడాల్, టపెంటడాల్ వంటి నొప్పి మాత్రలు, పెంటాజోసిన్ సూదిమందు నల్లమందు తరహాలో పనిచేస్తాయి. ఎక్కువకాలం వాడితే మలబద్ధకం, హార్మోన్ల లోపం, లైంగిక శక్తి తగ్గడం, నొప్పి ఇంకా ఎక్కువగా తెలియడం జరుగుతాయి. ట్రమడాల్ ఎక్కువైతే మూర్ఛలు వస్తాయి. పెంటాజోసిన్ పదేపదే పొడుచుకున్న చోట చర్మం పుండ్లు పడి, కండ గట్టిపడి రాయిలా అవుతుంది. సూది పంచుకుంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి, గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్. దేశంలో సూదితో మత్తు ఎక్కించుకునేవాళ్లు సుమారు ఎనిమిదిన్నర లక్షలని ఢిల్లీ ఎయిమ్స్ జాతీయ సర్వే 2019 నివేదిక అంచనా. హెపటైటిస్ సి సోకినవాళ్లలో చాలామందికి అది ఒంట్లోనే ఉండిపోతుంది, ఇరవై ఏళ్లలో కాలేయం గట్టిపడిపోయేదాకా తీసుకెళ్లగలదు. ఇప్పుడు మాత్రలతో మూడు నెలల్లో నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆ మందులు ఉచితం. ఎప్పుడో యవ్వనంలో ఒకటి రెండుసార్లు సూది పంచుకుని ఆ సంగతే మరిచిపోయినవాళ్లు కూడా రక్తపరీక్ష చేయించుకోవాలి.

జిమ్‌లకు వెళ్లే కుర్రాళ్లలో మెఫెంటర్మిన్ సూదిమందు వాడకం హైదరాబాద్‌లో పోలీసులు పదేపదే పట్టుకుంటున్న కొత్త ధోరణి. ఆపరేషన్ థియేటర్లో పడిపోయిన రక్తపోటును లేపడానికి మత్తు డాక్టర్లు వాడే మందిది. వ్యాయామంలో అలుపు తెలియదని ఎక్కించుకుంటున్నారు. ఫలితం రక్తపోటు, గుండె లయ తప్పడం, గుండె కండరం బలహీనపడటం, అనుమానపు భ్రమలు.

ఇతర మందులు

కొకైన్ గుండె ధమనులను ముడుచుకునేలా చేసి ముప్పై ఏళ్లకే గుండెపోటు తేగలదు. మెథాంఫెటమిన్ పళ్లను, గుండె కండరాన్ని, మనసును పాడు చేస్తుంది. ఎండీఎంఏ వాడినవాళ్లకు దిగులు, నిద్రలేమి, జ్ఞాపకశక్తి లోపం ఉంటాయి. ఎల్‌ఎస్‌డీకి బానిసలయ్యేది అరుదు, కానీ కొందరికి నెలల తర్వాత కూడా చూపులో వింత ఆకారాలు, రంగులు కనిపిస్తూ ఉంటాయి. కెటమిన్ ఎక్కువగా వాడితే మూత్రాశయం కుంచించుకుపోయి పావుగంటకోసారి మూత్రానికి పరిగెత్తాల్సి వస్తుంది. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చే పిల్లల సంగతి వీటన్నిటికంటే బాధాకరం. వాటిలోని టాల్యూయిన్ మెదడులోని తెల్లపదార్థాన్ని కరిగించినట్టు దెబ్బతీస్తుంది, నడక తూలుతుంది, మూత్రపిండాలు పొటాషియంను పోగొట్టి కండరాలు చచ్చుబడతాయి. 2019 నివేదిక లెక్కించిన మత్తుపదార్థాలలో పెద్దవాళ్ల కంటే పిల్లల్లో ఎక్కువ శాతం వాడుతున్నది ఇలా పీల్చేవి మాత్రమే.

లెక్కలు, చట్టం

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ 2018లో జరిపి 2019లో విడుదల చేసిన ఆ దేశవ్యాప్త సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల మధ్యవారిలో మద్యం తాగేవాళ్లు 14.6 శాతం, గంజాయి, భంగు వంటివి వాడేవాళ్లు 2.8 శాతం, నల్లమందు జాతివి 2.1 శాతం, వైద్య అవసరం లేకుండా మత్తు మాత్రలు వాడేవాళ్లు 1 శాతానికి కాస్త పైన. మందు కల్లు తాగే మనిషి సర్వే చేసేవాళ్లకు కల్లు తాగుతానని చెబుతాడు గానీ ఆల్ప్రాజోలం మింగుతానని చెప్పడు, ఎందుకంటే ఆ పేరే అతడు వినలేదు. తెలంగాణకు సంబంధించినంత వరకు చివరి అంకెను అసలు కంటే బాగా తక్కువగానే తీసుకోవాలి.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఆల్ప్రాజోలం 100 గ్రాములు, గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, శిక్ష పదేళ్లకు తగ్గదు. సరఫరాదారు మీద ఇంత కఠినంగా ఉన్న చట్టం వాడినవాడికి ఒక తలుపు తెరిచి ఉంచింది. తక్కువ పరిమాణంతో, లేదా వాడినందుకు కేసైన బానిస తనంతట తానే గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స చేయించుకుంటే 64–ఎ సెక్షన్ ప్రకారం ప్రాసిక్యూషన్ ఉండదు, చికిత్స మధ్యలో మానకూడదు అంతే. ఈ సెక్షన్ గురించి తల్లిదండ్రులకు దాదాపు తెలియదు. కేసు భయంతో కొడుకును దాచి, జబ్బును ముదరనిచ్చే ఇళ్లు అందుకే ఉన్నాయి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే గుర్తిస్తుంది. రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధిస్తుంది. 'డీఅడిక్షన్ సెంటర్' బోర్డు పెట్టుకుని మనుషులను గదుల్లో బంధించే చోట్లకు పంపేముందు అక్కడ సైకియాట్రిస్టు ఉన్నాడా, రిజిస్ట్రేషన్ ఉందా అని అడగాలి.

చికిత్స

కల్తీ కల్లుకు, మత్తు మాత్రలకు అలవాటుపడ్డవాళ్లకు చికిత్స మందును ఒక్కసారి ఆపడం కాదు, నెమ్మదిగా తగ్గించడం. వైద్యులు రోగిని డయాజెపాం వంటి ఎక్కువసేపు పనిచేసే మందు మీదికి మార్చి, వారాల తరబడి కొద్దికొద్దిగా మోతాదు తగ్గిస్తారు. కల్లు తాగేవాడి విషయంలో కష్టం ఏమిటంటే అతడు రోజూ ఎంత మందు తీసుకున్నాడో ఎవరికీ తెలియదు. లక్షణాలు చూస్తూ మోతాదు నిర్ణయించాలి, అవసరమైతే కొన్నాళ్లు వార్డులో ఉంచాలి. మద్యం కూడా తాగేవాళ్లకు థయామిన్ సూదిమందు ఇవ్వకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. నల్లమందు జాతివాటికి బుప్రినార్ఫిన్, మెథడోన్ వంటి ప్రత్యామ్నాయ మందులు మరణాలను తగ్గించాయని ప్రపంచమంతటా రుజువైంది. ఒక మత్తు తీసి ఇంకో మత్తు ఇస్తున్నారని వీటిని తిట్టిపోయడం ప్రాణాలు తీసే అజ్ఞానం. గంజాయికి, కొకైన్‌కు ఇలాంటి మందేదీ లేదు. కౌన్సెలింగ్, కుటుంబం తోడు, మానసిక జబ్బు ఉంటే దానికి చికిత్స, వీటితోనే బయటపడాలి. గంజాయి మానేసినవాళ్లలో జ్ఞాపకశక్తి వారాల్లోనే చాలావరకు మెరుగవుతుంది. ఊపిరితిత్తులు కోలుకుంటాయి. ఒకటి రెండుసార్లు మళ్లీ జారిపోవడం చికిత్స విఫలమైనట్టు కాదు, షుగరు, బీపీ రోగుల్లో కూడా అలాగే జరుగుతుంది.

సరూర్‌నగర్, ఎల్బీనగర్ వైపువాళ్లకు దగ్గరి ప్రభుత్వ వైద్యం వనస్థలిపురం ఏరియా ఆసుపత్రి. తీవ్రమైన కేసులకు ఉస్మానియా, గాంధీ, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉన్నాయి. కేంద్రం నడిపే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416, రెండూ ఉచితం. మత్తుమందుల అమ్మకంపై సమాచారం ఇవ్వడానికి తెలంగాణలో 1908.

ఇంట్లో రోజూ కల్లు తాగే పెద్దమనిషి ఉండి, ఊరు మారడం వల్లో, దుకాణం మూతపడటం వల్లో, కాలు విరిగి ఆసుపత్రిలో చేరడం వల్లో తాగుడు ఆగిపోతే, ఆ విషయం డాక్టరుకు మొదటి రోజే చెప్పండి. వణుకు, నిద్రలేమి మొదలైతే గాలి సోకిందనో, దయ్యం పట్టిందనో భూతవైద్యుడి దగ్గర కూర్చోబెట్టకండి. ఆలోగా మూర్ఛ రావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.